గాజుల సెట్టూ, తుపాకీ సెట్టూ

లాడ్ బజారుకి గాజులు కొనడానికి వెళ్ళేటప్పుడు మగవాళ్ళని వెంటపెట్టుకు వెళ్ళకూడదు. ఈ సంగతి పెళ్ళయిన కొత్తలోనే నాకు అనుభవమైంది. అయినా, మా అక్క కూతురి పెళ్ళికి గాజులు కొందామని బయల్దేరినప్పుడు, డల్లాస్ నుంచి దిగిన అక్క కొడుకు, "నేనూ వస్తాను పిన్నీ, చార్మినార్ చూసి పన్నెండేళ్ళయింది" అంటే కాదనలేకపోయాం. వాడూ, వాడి పెళ్ళామూ, నాలుగేళ్ళ బుడతడూ, మా అక్కా, నేనూ. ఐదుగురం ఆ జనంలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడిచి వెళ్ళాం.

వాడి ఓపిక సరిగ్గా నలభై నిమిషాలుంది. మూడో దుకాణంలో స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏమిటి పిన్నీ ఇది! గాజంటే గాజే కదా! ఇందులో ఇంత చూడ్డానికేముంది?"

దుకాణదారు ముసలాయన నవ్వాడు. రోజుకి పాతికమంది మగవాళ్ళు ఆ స్టూలు మీద కూర్చుని ఆ మాట అంటూనే ఉంటారు కాబోలు. నేను మాత్రం ఊరుకోలేదు. వాడికి పాఠం చెప్పాను. గాజంటే గాజు కాదురా నాయనా, సెట్టు. చెరో అంచునా రాళ్ళ లక్కకడియాలు రెండు. వాటి లోపల సన్నవి నాలుగు. మధ్యలో చీర రంగుకి సరిపోయే మట్టిగాజులు పన్నెండు. కడియాలు ఒక దుకాణంలో నచ్చుతాయి, మట్టిగాజులు ఇంకో దుకాణంలో నచ్చుతాయి. ఎక్కడ కొన్నా ఒక చేతికే ఇముడుతాయి. ఎందుకంటావా? కొలత ఒకటే గనక. "దో చార్" అంటే రెండంగుళాల మీద పదహారోవంతులు నాలుగు. "దో ఛే" అంటే పదహారోవంతులు ఆరు. ఈ లెక్క పెట్టినవాడెవడో గానీ వాడికి దణ్ణం పెట్టాలి. ఈ ఒక్క లెక్క వల్ల ఏ దుకాణం గాజు ఏ దుకాణం గాజు పక్కనైనా నిలబడుతుంది. రేపు చీర మారితే మధ్యవి తీసేసి వేరేవి వేసుకుంటాం. కడియాలు అవే ఉంటాయి. సెట్టు కొత్తదవుతుంది.

మావాడు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. విని, "నువ్వు చెప్తూంటే నాకు అర్థమైపోయింది పిన్నీ! నేనూ అక్కడ ఇలాంటిదే ఒకటి కూర్చుకుంటున్నాను" అని ఫోను తీశాడు.

కారు బొమ్మేమో అనుకున్నాను. కెమేరా ఏమో అనుకున్నాను. తుపాకీ!

నల్లగా, పొడుగ్గా, సినిమా పోస్టర్లలో హీరోల చేతిలో ఉండేలాంటిది. టీపాయ్ మీద మెత్తటి గుడ్డ పరిచి, దానిమీద పడుకోబెట్టి ఫొటో తీశాడు. పసిపిల్లకి బారసాలనాడు తీసినట్టు.

"ఏఆర్ పదిహేను" అన్నాడు. అంటే "అసాల్ట్ రైఫిల్" అని అందరూ అనుకుంటారట గానీ కాదట. ఆర్మలైట్ అని కంపెనీ, ఆ కంపెనీ రైఫిల్ అని పేరట. ఇక అందుకున్నాడు చూడండి! నేను గాజుల గురించి చెప్పినంత సేపూ చెప్పాడు. వెనక భుజానికి ఆనించే భాగం జరుగుతుందట. పొట్టివాళ్ళు లోపలికి తోసుకోవచ్చు, పొడుగువాళ్ళు బయటికి లాక్కోవచ్చు. పిడి మార్చుకోవచ్చు. గొట్టం మార్చుకోవచ్చు. గొట్టం చుట్టూ తొడుగు మార్చుకోవచ్చు. పైన పళ్ళపళ్ళుగా ఒక పట్టా ఉంటుంది, పికటిన్నీ రైలు అంటారట. దాని కొలత అమెరికా సైన్యం 1995లో ఖాయం చేసింది. ఆ కొలతకి సరిపోయేలా ఎవరు తయారుచేసిన దుర్భిణీ అయినా, దీపమైనా, ఎర్ర చుక్క అద్దమైనా బిగుసుకుంటుంది. రంగులు కూడా ఉన్నాయట. ఎడారి రంగు, ఆకుపచ్చ, ఆడవాళ్ళకని గులాబి రంగు! తన తుపాకీ కన్నా దాని మీద బిగించిన దుర్భిణీకే ఎక్కువైందని ఎంతో గొప్పగా చెప్పాడు.

నేను చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు ముచ్చటేసింది. అబద్ధం ఎందుకాడాలి? "ఒరే, ఇది గాజుల సెట్టే కదరా!" అన్నాను. దో చార్, దో ఛే లాగే కొలత. కడియాలూ మధ్యవీ లాగే ముక్కలు. చీర మార్చినట్టు మార్చుకోవడం. ఏది కొన్నా ఇంకొకటి కొనాలనిపించడం. మావాడు పగలబడి నవ్వాడు. "అక్కడ మా ఫ్రెండ్సు కూడా అంటారు పిన్నీ, మగవాళ్ళ బార్బీ బొమ్మ ఇది అని!"

అప్పటిదాకా గాజుల మీద వంచిన తల ఎత్తకుండా కూర్చున్న వాడి పెళ్ళాం నా చెయ్యి గిల్లింది.

"చిన్నత్తయ్యా, అది ఎక్కడ పెట్టారో అడగండి."

ఎక్కడ పెట్టాడో వాడిని అడగలేదు. తరువాత ఆ పిల్లే చెప్పింది. వాళ్ళింట్లో కింద గెస్టురూములో, బట్టల అలమరలో ఇనప్పెట్టె. ఆ గది ఎవరిదనుకున్నారు? మా అక్కది. ఆ అమ్మాయికి ఇప్పుడు అయిదో నెల. పురిటికి మొదటి మూడు నెలలు వియ్యపురాలు వెళ్తుంది, తరువాతి మూడు నెలలు మా అక్క. అలా వాటాలు వేసుకున్నారు. ఇద్దరూ పడుకునేది ఆ గదిలోనే. ఇనప్పెట్టెకి నెంబరు తాళం ఉంది. ఆ నెంబరు ఏమిటంటే బుడతడి పుట్టినరోజు. వాడికి నాలుగేళ్ళు. ఎవరు అడిగినా గడగడా చెప్పే అంకెలు ప్రపంచంలో వాడికి అవొక్కటే.

ఇప్పుడు చెప్పండి, ముచ్చట ఏమైపోయింది?

నేను ఈ వ్యాసం రాస్తున్నది తుపాకీ చెడ్డది అని చెప్పడానికి కాదు. అది మీకు నేను చెప్పాలా? నాకు మండిందల్లా ఆ ముచ్చట మీద. అంత చక్కటి ముచ్చటని, ఎంచుకోవడం, జోడించుకోవడం, నాది అని మురుసుకోవడం, ఇవన్నీ ఈ వీధిలో ఆడవాళ్ళకి తెలిసిన సుఖాలు, వీటిని తీసుకెళ్ళి అలాంటి వస్తువుకి తగిలించినవాళ్ళ మీద నాకు కోపం వచ్చింది. ముక్కలు ముక్కలుగా కొనే వస్తువుతో వచ్చిన చిక్కే ఇది. పిడి ఎవర్నీ చంపదు. పట్టా ఎవర్నీ చంపదు. దుర్భిణీ పాపం చూడ్డానికే. ఒక్కొక్క ముక్కా ఒక్కొక్క ఆటబొమ్మ. అన్నీ ఆటబొమ్మలే కొని, ఇంటికి తెచ్చి, ఒక ఆదివారం మధ్యాహ్నం బిగించుకుంటే చివరికి చేతిలో ఉన్నదేమిటో బిగించినవాడికే గుర్తుండదు. మావాడు గంటసేపు ఆ తుపాకీ గురించి చెప్పాడు కదా, అందులో గుండు అన్నమాట ఎన్నిసార్లు వచ్చిందో తెలుసా? ఒక్కసారీ రాలేదు!

అక్కడి చట్టం కూడా అలాగే ఉంది, వినండి. ఆ తుపాకీలో "లోయర్ రిసీవర్" అని కింది పెట్టె ఒకటి ఉంటుంది. నెంబరు చెక్కి ఉండేది దానిమీదే. చట్టం దృష్టిలో తుపాకీ అంటే ఆ ఒక్క ముక్కే. మిగతావి, గొట్టంతో సహా, చాలా రాష్ట్రాల్లో మనం జాకెట్టుకి అంచు తెప్పించుకున్నట్టు పోస్టులో తెప్పించుకోవచ్చు.

దీని పుట్టుపూర్వోత్తరాలు కాస్త చదివాను. (నవలలు రాసేవాళ్ళకి ఇదొక జబ్బు, ఒకటి మొదలుపెడితే వదలరు.) యూజీన్ స్టోనర్ అనే ఇంజనీరు 1950ల చివర్లో ఆర్మలైట్ కంపెనీలో దీన్ని తయారుచేశాడు. కర్రా ఇనుమూ బదులు అల్యూమినియం, ప్లాస్టిక్. బరువు మూడు కిలోల చిల్లర. సన్న గుండు, మహా వేగం. అయినా భుజానికి దెబ్బ తగలదు. 1959లో హక్కులు కోల్ట్ కంపెనీ కొనుక్కుంది. ఇదే ఎం పదహారు అన్న పేరుతో వియత్నాం అడవులకి వెళ్ళింది. మీట నొక్కి పట్టుకుంటే ధారగా గుళ్ళు కురిసే ఏర్పాటు తీసేసి, ఒక నొక్కుకి ఒక గుండు చొప్పున పేలేలా మార్చి, 1964 నుంచి మామూలు జనానికి అమ్మడం మొదలుపెట్టారు. 1977లో ఆ పేటెంట్లకి గడువు తీరింది. ఇక ఎవరైనా తయారుచెయ్యవచ్చు, ఎవరి ముక్కలైనా ఎవరి దానికైనా బిగించవచ్చు. 1994లో అమెరికా ప్రభుత్వం ఇలాంటివాటిలో చాలా రకాలని నిషేధించింది. పదేళ్ళ చట్టం. 2004లో గడువు అయిపోయింది, మళ్ళీ పొడిగించలేదు. 2009 ప్రాంతంలో అక్కడి తుపాకుల వ్యాపార సంఘం, నేషనల్ షూటింగ్ స్పోర్ట్స్ ఫౌండేషన్, దీనికి కొత్త నామకరణం చేసింది. "మోడర్న్ స్పోర్టింగ్ రైఫిల్". అంటే ఆధునిక క్రీడా రైఫిల్. 2022లో ఆ సంఘమే వేసిన లెక్క ప్రకారం 1990 నుంచి అక్కడి జనంలోకి వెళ్ళినవి 2 కోట్ల 40 లక్షల పైన!

క్రీడట! ఈ మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది.

రైఫిల్‌తో ఆడే క్రీడ ఏమిటో మన హైదరాబాదు వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ కంచుపతకం తెచ్చింది రైఫిల్‌తోనే. పది మీటర్ల ఎయిర్ రైఫిల్. పదిమీటర్ల దూరంలో కాగితం, దాని మధ్యలో అర మిల్లీమీటరు చుక్క. ఆవగింజలో సగం కూడా ఉండదు. ఒక్కో గుండూ చేత్తో పెట్టుకోవాలి, ఊపిరి బిగబట్టాలి, గుండె రెండుసార్లు కొట్టుకునే మధ్యలో మీట నొక్కాలి. అలా అరవైసార్లు. మొన్న 2023లో చైనాలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ పిస్తోలుతో నాలుగు పతకాలు గెలిచి వచ్చింది. ఆ పిల్లని టీవీలో చూస్తూంటే ఎంత ముద్దొచ్చిందని! న్యాయానికి చెప్పాలంటే ఆ పోటీ రైఫిల్‌కీ మరలుంటాయి. బుగ్గ ఆనించేచోటు పైకీ కిందకీ జరుపుకుంటారు, భుజానికి ఆనే పలక వంచుకుంటారు. అదంతా చుక్కని కొట్టడానికి. మావాడి తుపాకీకి అడుగున వేలాడే డబ్బాలో గుళ్ళు ముప్ఫై. ఏ ఆటలోనండీ మీట నొక్కడమే తరువాయిగా ముప్ఫై గుళ్ళు కావాలి?

మావాడు ఒప్పుకోడు. "రేంజిలో ఆటలాగే ఉంటుంది పిన్నీ, కాగితాలు కొడతాం, డబ్బాలు కొడతాం, సాయంత్రం బార్బెక్యూ చేసుకుంటాం." నిజమే కావచ్చు. అలా కొనుక్కున్న కోట్లమందిలో నూటికి తొంభై తొమ్మిదిమంది పైన కాగితాలు కొట్టి ఇంటికొచ్చి భోజనం చేసేవాళ్ళే అయ్యుంటారు. మావాడు చీమకి కూడా అపకారం తలపెట్టడు. చిన్నప్పుడు బొద్దింకని చూసి మంచమెక్కేవాడు. అందుకే అడుగుతున్నాను. బొద్దింకకి భయపడేవాడికి ఈ కోరిక ఎవరు పెట్టారు?

ఎవరు పెట్టారో వెతికితే ఒక ప్రకటన దొరికింది. 2010లో బుష్‌మాస్టర్ అనే కంపెనీ వేసింది. వాళ్ళ రైఫిల్ కొంటే, పోగొట్టుకున్న నీ "మగతనం కార్డు" నీకు తిరిగి ఇచ్చినట్టే అని దాని సారాంశం! రేషన్ కార్డు విన్నాం, ఆధార్ కార్డు విన్నాం, గ్రీన్ కార్డు కోసం మన పిల్లలు వెయ్యికళ్ళతో ఎదురుచూడ్డం చూశాం. ఈ కార్డేమిటమ్మా! నవ్వుకుందాం. కానీ నవ్వు పూర్తి కానివ్వలేదు వాళ్ళు. 2012 డిసెంబరులో కనెక్టికట్‌లో ఒక ఎలిమెంటరీ స్కూల్లోకి ఒక కుర్రాడు వెళ్ళి 20 మంది చిన్నపిల్లల్నీ, 6 గురు పెద్దవాళ్ళనీ చంపాడు. వాడి చేతిలో ఉన్నది ఆ కంపెనీ రైఫిలే. చనిపోయినవాళ్ళ కుటుంబాలు ఆ ప్రకటనల మీదే దావా వేశాయి. 2022లో 7 కోట్ల 30 లక్షల డాలర్లకి రాజీ అయింది. పుస్తె కట్టించుకున్నప్పట్నించీ మనల్ని "నగల పిచ్చి" అని వెక్కిరిస్తున్నారే ఈ మగవాళ్ళు, మనం ఎన్ని గాజులు కొన్నా ఆడతనం కార్డు కోసం కొన్నామా? ఏ గాజుల కంపెనీ అయినా మనకి అలా చెప్పిందా? (చెప్పిందేమో. బంగారం దుకాణాల ప్రకటనలు చూస్తూంటే నాకూ అనుమానంగానే ఉంది. అది ఇంకో వారం.)

అదే 2022లో, లాస్ వేగాస్ తుపాకుల ప్రదర్శనలో పిల్లల సైజుది కూడా పెట్టారు. అచ్చం ఇలాగే ఉంటుంది, బరువు కిలో చిల్లర. పాలపీక నోట్లో పెట్టుకున్న పుర్రె బొమ్మ దాని గుర్తు! మన ముసలాయన దగ్గర కూడా పసిపిల్లల సైజు నల్లగాజులున్నాయి, దిష్టి తగలకుండా వేసేవి.

ఇక ఆత్మరక్షణ. ఇది పెద్దవాదం. అక్కడ మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలు కనిపెట్టారట. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళినప్పుడు ఇళ్ళు దోస్తున్నారట. అందుకని కొన్నానన్నాడు. "అయితే నీ పెళ్ళాం గాజుల కోసమా తుపాకీ? ఆ గాజులు బ్యాంకు లాకర్లో పెట్టించెయ్యకూడదూ, అద్దె సంవత్సరానికి నీ దుర్భిణీలో పదోవంతు ఉండదు" అన్నాను. పెళ్ళికి వెళ్ళినప్పుడు కదా దొంగతనం, పెళ్ళికి ఆ తుపాకీ పట్టుకెళ్తాడా, ఇంట్లో వదిలి వెళ్తాడా? వదిలి వెళ్తే దొంగకి గాజులూ తుపాకీ రెండూ దొరుకుతాయి. ఇది చెప్పడానికి బి.ఏ. కూడా అక్కర్లేదు.

వాడు ఇంకోమాట అన్నాడు. అది నిజం గనక రాస్తున్నాను. "అక్కడ తుపాకీ హత్యల్లో ఎక్కువ పిస్తోళ్ళతో జరిగేవే పిన్నీ. రైఫిల్‌తో జరిగేవి చాలా తక్కువ." నిజమే, లెక్కలు అలాగే ఉన్నాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లో, సాయంత్రం ఆఫీసయ్యాక కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్న మన హైదరాబాదు ఇంజనీరుని, "మా దేశం నుంచి పో" అని అరిచి కాల్చినవాడి చేతిలో ఉన్నదీ పిస్తోలే. అయితే ఏమిటట? పాము తక్కువమందిని కరుస్తుంది, కుక్క ఎక్కువమందిని కరుస్తుంది, గనక పాముని అలమరలో పెట్టుకోవచ్చా?

తరువాత వాడు మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదంటే వాడిది డల్లాస్. అక్కడికి దగ్గర్లోనే ఎలెన్ అని ఊరు. అక్కడ బట్టలూ చెప్పులూ చవగ్గా దొరికే దుకాణాల సముదాయం ఒకటుంది. మనవాళ్ళందరూ వెళ్తారు. ఇండియా వచ్చేముందు చుట్టాలకి ఇచ్చే చొక్కాలూ, సెంట్లూ అక్కడే కొంటారు. నాకు తెచ్చిన హాండ్‌బ్యాగు కూడా అక్కడిదే. 2023 మే 6, శనివారం మధ్యాహ్నం ఒకడు ఏఆర్ పదిహేను తరహా రైఫిల్‌తో అక్కడ కారు దిగాడు. ఎనిమిదిమందిని చంపాడు. ముగ్గురు పిల్లలు. ఇంకా ముప్ఫై ఏళ్ళు కూడా నిండని మన హైదరాబాదు అమ్మాయి ఒకతె, ఇంజనీరు. స్నేహితుడితో కలిసి బజారు చెయ్యడానికి వెళ్ళింది. అంతే, బజారు చెయ్యడానికి. నేనూ మా అక్కా ఈ వీధిలో నడిచినట్టు, అద్దాల్లోంచి తొంగిచూస్తూ, ఇది బావుందా అది బావుందా అనుకుంటూ నడిచి ఉంటుంది. ఆ పిల్ల శవం నాలుగు రోజుల తరువాతో అయిదు రోజుల తరువాతో మన ఊరికి వచ్చింది. పేపర్లో ఆ ఫొటో చూసి మా అక్క రెండు రోజులు అన్నం తినలేదు. కొడుకుకి ఫోన్ చేసి, "ఇక ఆ దుకాణాల వైపు వెళ్ళకురా" అని ఒట్టు వేయించుకుంది. వాడు ఆ వైపు వెళ్ళడం లేదు. ఆ రకం తుపాకీ వాడి అలమరలోకి వచ్చింది. గ్రీన్ కార్డు వచ్చిన ఆర్నెల్లకి కొన్నాట్ట. అంటే ఎలెన్ తరువాతే!

ఎందుకురా అంటే, "భయమేసి" అన్నాడు. ఇంతసేపటికి నిజం వచ్చింది. ముచ్చటా, రంగులూ, పట్టాలూ అన్నీ ఒలిచేస్తే అడుగున ఉన్నది అదీ. ఆ భయాన్ని నేను వెక్కిరించను. పెళ్ళాం పిల్లలున్నవాడు, పరాయి దేశం. కానీ ఎవరిని చూసి భయపడ్డాడో వాడి చేతిలో ఉన్న రకమే వీడూ కొన్నాడు. అమ్మినవాడు ఇద్దరికీ అమ్మాడు.

మన దేశంలో ఇవి మామూలువాళ్ళకి దొరకవు గనక మనకేం అని మీరనుకోవచ్చు. లైసెన్సుంటేగానీ తుపాకీ ముట్టుకోకూడదు, 2019లో చట్టం మార్చి పెళ్ళి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చేవాళ్ళకి రెండేళ్ళ జైలు దాకా పెట్టారు. సంతోషం. ఆ గాజుల దుకాణంలో లెక్కలు రాసే కుర్రాడు ఒకడున్నాడు. పదహారేళ్ళుంటాయి. బేరాలు లేనప్పుడు ఫోన్లో ఆట ఆడుకుంటున్నాడు. మావాడు తొంగిచూసి, "ఎం ఫోర్ వన్ సిక్సా? గ్రిప్ వెయ్యలేదేం?" అన్నాడు. ఆ కుర్రాడి మొహం వెలిగిపోయింది. మావాడికి తెలుగూ ఇంగ్లీషూ, ఆ కుర్రాడికి ఉర్దూ. ఇద్దరూ పావుగంట తుపాకీ భాషలో మాట్లాడుకున్నారు! ఏ దుర్భిణీ, ఏ పిడి, ఎన్ని గుళ్ళ డబ్బా, ఏ రంగు. పబ్జీ ఆటని 2020లో మన ప్రభుత్వం నిషేధించింది. 2021లో ఇంకో పేరు పెట్టుకుని వచ్చింది. తుపాకీ మనకి రాలేదు. దాని ముచ్చట వచ్చేసింది, ఉప్పూ పప్పూ కొనే ఫోనులోనే.

ఆ కుర్రాడి తాత, అంటే ఆ ముసలాయన, వాళ్ళని చూసి తల ఊపాడు. ఆయన చేతివేళ్ళ చివర్లు నున్నగా ఉంటాయి, గీతలుండవు. యాభై ఏళ్ళు లక్క కాచినవాడు. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబడుతూంటే పట్టుకుని సాగదియ్యాలి, కడ్డీ చెయ్యాలి, వంచి అతకాలి, అది ఆరిపోయేలోపల ఒక్కొక్క రాయీ గుచ్చాలి. హైదరాబాదు లక్కగాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని గోడమీద కాగితం అంటించుకున్నారు. లాడ్ అనే పేరు లక్క నుంచి వచ్చిందని కొందరంటారు, లాడ్ అంటే గారాబం, అందుకని వచ్చిందని ఇంకొందరు. "మనవడు ఈ పని నేర్చుకున్నాడా?" అని అడిగాను. "నక్కో అంటాడమ్మా, వేళ్ళు కాలుతాయట" అన్నాడు.

గాజులు కట్టించుకుని బయటికి వస్తూంటే అసలు సంగతి జరిగింది. గోడవారన ప్లాస్టిక్ బొమ్మలవాడు కూర్చున్నాడు. మీట నొక్కితే ఎర్రదీపాలు వెలిగి టకటకమనే తుపాకీలు. బుడతడు పరుగెత్తుకెళ్ళి ఒకటి తీశాడు. నాలుగేళ్ళవాడు తుపాకీ బొమ్మ పట్టుకుంటే ఎలా పట్టుకుంటాడు? గొట్టం పట్టుకుని కర్రలాగా ఊపుతాడు. వీడు అలా పట్టుకోలేదు. వెనకభాగం భుజానికి ఆనించాడు. బుగ్గ వంచాడు. ఒక కన్ను మూశాడు. ఎడం చెయ్యి గొట్టం కిందకి తనంత తానే వెళ్ళింది.

మావాడికి ముందు సంతోషమే వేసింది, మొహంలో చూశాను. "చూశావా పిన్నీ, ఎంత కరెక్టుగా..." అంటూ ఆగిపోయాడు. వాడి పెళ్ళాం అక్కడే, ఆ జనంలో, కొత్తగాజుల పెట్టె గుండెకి అదుముకుని నిలబడింది. "మీరెప్పుడు చూపించారు వాడికి?" అంది. మెల్లిగానే అడిగింది. వాడు జవాబు చెప్పలేదు. మా అక్క ఏమీ అనకుండా మనవడి చేతిలోంచి ఆ బొమ్మ తీసి బొమ్మలవాడికి ఇచ్చేసి, పిల్లాడు ఏడుస్తూంటే ఎత్తుకుని నడిచింది. కారెక్కేదాకా దింపలేదు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు.

అందుకే, పిల్లలు అమెరికాలో ఉన్న తల్లులందర్నీ ఒకటి అడుగుతున్నాను. మనం ఫోన్లో ఏమేం అడుగుతాం? తిన్నావా, పడుకున్నావా, స్నో పడిందా, వీసా ఏమైంది, ఇంటి లోను ఎంత మిగిలింది, కోడలు పూజ చేసిందా. మూడు తరాల చుట్టాల ఆరోగ్యాలు చెప్పి, అడిగి, గంటసేపు మాట్లాడతాం. "మీ ఇంట్లో తుపాకీ ఉందా?" అని ఎవరమైనా అడిగామా? మా అక్క అడగలేదు. ఎవరికి తడుతుంది? మనవడు ఆడుకోవడానికి వెళ్ళే స్నేహితుడి ఇంట్లో ఉందేమో కోడలైనా అడుగుతుందా? ఇంటికి పిలిచినవాళ్ళని కుక్క ఉందా అని అడుగుతాం, అది మర్యాద తప్పు కాదు. ఇది ఎందుకు మర్యాద తప్పవుతుంది? చదువుకున్న మంచి పిల్లలు, ఇలాంటివి కొనరు అని మనం అనుకుంటూంటాం. మావాడూ చదువుకున్న మంచి పిల్లాడే.

పెళ్ళి బాగా జరిగింది. గాజులు అందరూ మెచ్చుకున్నారు. మావాడు వెళ్ళేముందు రోజు రాత్రి మా అక్క వాడి పక్కన కూర్చుని, "ఆ వస్తువు ఆ ఇంట్లో ఉంటే నేను ఆ గదిలో పడుకోలేనురా. అది వెళ్ళిపోయాక టికెట్టు కొను" అంది. వాడు, "తాళం నెంబరు మారుస్తానమ్మా" అన్నాడు. అక్క, "నేను నెంబరు గురించి చెప్పలేదు" అంది. "అంత డబ్బు పోసి ఒక్కొక్కటీ ఏరి ఏరి కొన్నానమ్మా" అన్నాడు వాడు. ఆ మాటకి నాకు కోపం రాలేదు, జాలేసింది. ఏరి ఏరి కొన్నది వదులుకోవడం ఎంత కష్టమో నాకు తెలీదా?

మూడు వారాలైంది. వియ్యపురాలి టికెట్టు వచ్చేసింది. మా అక్కది ఇంకా రాలేదు. మొన్న ఆదివారం ఫోన్లో కోడలు, "అత్తయ్యగారూ, ఆయన దుర్భిణీ అమ్మకానికి పెట్టారు" అని చెప్పిందట. "దుర్భిణీ ఒక్కటేనా?" అని అడిగిందిట మా అక్క.